దేవుడు దూరమైనట్టు అనిపిస్తున్నప్పుడు సాధనను మళ్ళీ ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న అడిగినవారు చెప్పినదాని సారాంశం ఇది. పన్నెండేళ్ళుగా ప్రతిరోజూ ప్రార్థన, నామజపం చేస్తూ వచ్చారు. ఆ రెండూ నేర్పింది వారి నాన్నగారు. ఆయన కాలం చేసి ఏడాదిన్నర అయింది. ఆ తరువాత కొన్ని నెలలు ఎలాగో నెట్టుకొచ్చారు గాని, క్రమంగా కూర్చోవాలన్న ఆసక్తే పోయింది. ఇప్పుడు కూర్చున్నా, వారి మాటల్లోనే చెప్పాలంటే, "పెదవులు కదులుతున్నాయి గాని, అవతల ఎవరో వింటున్నారన్న నమ్మకం కలగడం లేదు." నా తప్పు వల్లనే దేవుడు దూరమయ్యాడా, భావం లేకుండా చేసే జపం కపటం కాదా, ఏదైనా ప్రత్యేకమైన రోజు చూసుకొని పెద్ద ఎత్తున మళ్ళీ మొదలుపెట్టాలా అన్నవి వారి మూడు ప్రశ్నలు.

ముందు సూటిగా సమాధానం చెప్పి, తరువాత కారణాలు వివరిస్తాను. సాధన మానకండి, కాని తగ్గించండి. రోజుకు పది పదిహేను నిమిషాలు, ఒకే వేళకు, ఒకే చోట, ఒకే సాధన చేయండి. కూర్చోగానే మొదటి మాటగా, దూరమైనట్టు అనిపిస్తోందన్న ఆ నిజాన్నే దేవుడితో చెప్పండి. పాత మాధుర్యం తిరిగి వచ్చిందా లేదా అని రోజూ కొలుచుకోకండి. మీరు చేస్తున్నది కపటం కాదు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇందులో మీ తప్పు కూడా నాకు కనిపించడం లేదు.

నేను ఇరవై ఆరేళ్ళుగా జపం, ధ్యానం చేస్తున్నాను. పద్నాలుగేళ్ళుగా వారానికొకసారి కలిసే ఒక చిన్న సత్సంగానికి బాధ్యత వహిస్తున్నాను. ఇన్నేళ్ళలో నన్ను ఏకాంతంగా కలిసి మాట్లాడినవారిలో ఎక్కువమంది ఏదో ఒక రూపంలో అడిగింది మీ ప్రశ్ననే. నేను కూడా దాదాపు పదకొండు నెలలు ఆ స్థితిలో ఉన్నాను. కనుక ఇక్కడ చెబుతున్నవాటిలో కొన్ని చదివి తెలుసుకున్నవి, చాలావరకు అనుభవించి తెలుసుకున్నవి.

కపటమా అన్న ప్రశ్న గురించి. లేనిది ఉన్నట్టు నలుగురికీ చూపించడం కపటం. ఎవరూ చూడని గదిలో, ఏమీ అనిపించకపోయినా, ఇవ్వవలసిన సమయాన్ని ఇవ్వడానికి వచ్చి కూర్చోవడం కపటం ఎలా అవుతుంది? జబ్బుపడిన బిడ్డ పక్కన రాత్రంతా మేలుకొని కూర్చున్న తల్లికి మూడో జాములో ప్రేమ పొంగుకొస్తూ ఉండదు. కళ్ళు మండుతాయి, నడుము లాగుతుంది, ఎప్పుడు తెల్లవారుతుందా అనిపిస్తుంది. అయినా తడిగుడ్డ మార్చడం మానదు. ఆ క్షణంలో ఆమె ప్రేమ చేతిలో ఉంది, గుండెలో తెలియకపోవచ్చు. మీరు రుచి లేకుండా చేసిన జపం అటువంటిదని నేను నమ్ముతున్నాను. రుచి ఉన్నప్పుడు చేసే జపంలో మనకు అందే ఆనందం కూడా కలిసి ఉంటుంది. ఏమీ అందనప్పుడు చేసే జపంలో ఆయన కోసం తప్ప మరొక ఆశ మిగలదు.

దీనికి ఒక హద్దు ఉంది. యాంత్రికంగా చేయడమూ, భావం లేకపోయినా శ్రద్ధగా చేయడమూ ఒకటి కావు. ఈ తేడా నాకు ఒక రాత్రి తెలిసింది. నా చేతిలో నూట ఎనిమిది పూసల మాల ఉంది. బొటనవేలు పూసను లాగుతోంది, నాలుక నామం చెబుతోంది, లోపల మాత్రం మరుసటి రోజు పని లెక్కలు నడుస్తున్నాయి. వేలికి మేరుపూస తగిలింది. వెనక్కి తిరిగి చూసుకుంటే నూట ఎనిమిదింటిలో ఒక్క నామం కూడా విన్నట్టు జ్ఞాపకం లేదు. ఎన్నాళ్ళుగానో ఇలాగే జరుగుతోందని ఆ క్షణంలో అర్థమైంది. మాలను ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు కూర్చుండిపోయాను. సత్సంగంలో ఇతరులకు జపం గురించి చెప్పే మనిషిని నేను. ఆ సిగ్గును ఎవరితోనూ చెప్పుకోలేకపోయాను. చివరికి గట్టిగా, నా చెవికి వినపడేలా, "నాకు నువ్వు కనబడటం లేదు, వినబడటం లేదు, నేను అలసిపోయాను" అని అన్నాను. కొన్ని నెలల తరువాత నేను మాట్లాడిన మొదటి నిజమైన ప్రార్థన అది. వెలుగు కనిపించలేదు, కన్నీళ్ళు రాలేదు. కాని ఆ మాట అబద్ధం కాదు, అంతే. మరుసటి రోజు నుంచి నూట ఎనిమిది మానేసి ఇరవై ఏడు నామాలు మాత్రమే చేశాను, ప్రతి నామాన్నీ చెవితో వింటూ. మనసు జారిపోయిన చోట లెక్క ఆపి, అదే పూస దగ్గర మళ్ళీ చెప్పేవాణ్ణి. ఇరవై ఏడు పూర్తి కావడానికి ఒక్కోసారి పావుగంట పట్టేది.

అందుకే తగ్గించమని చెబుతున్నాను. తగ్గించడం అంటే భక్తి తగ్గడం అనుకోకండి. ఎండిపోయిన స్థితిలో ఉన్న మనసు మోయగలిగినంతే దానిపై పెట్టడం అది.

ఇక మీ మొదటి ప్రశ్న: నా తప్పు వల్ల దేవుడు దూరమయ్యాడా? దీనికి నాకు తెలిసిన అత్యుత్తమమైన సమాధానం భాగవతం ప్రథమ స్కంధంలో నారదుడు తన పూర్వజన్మ గురించి చెప్పిన వృత్తాంతంలో ఉంది. ఆయన అప్పుడు ఒక దాసి కొడుకు, చిన్న పిల్లవాడు. రాత్రివేళ ఆవు పాలు పితకడానికి వెళ్ళిన తల్లిని పాము కరిచింది, ఆమె చనిపోయింది. ఒంటరివాడైన ఆ పిల్లవాడు బయలుదేరి, నిర్జనారణ్యంలో ఒక రావిచెట్టు కింద కూర్చొని ధ్యానించగా, హృదయంలో భగవంతుని రూపం కనిపించింది. కనిపించి, మాయమైపోయింది. మళ్ళీ చూడాలని ఎంత ప్రయత్నించినా కనబడలేదు. తల్లిని పోగొట్టుకున్న బాలుడికి దొరికిన ఒక్క ఆధారమూ చేజారిపోయింది. అప్పుడు వినిపించిన వాక్కు, ఈ జన్మలో నన్ను మళ్ళీ చూడలేవని చెప్పింది. ఒక్కసారి కనిపించింది నీలో ఆ కోరిక పెరగడానికేనని కూడా చెప్పింది. గమనించండి, ఆ వాక్కు ఆ పిల్లవాణ్ణి నిందించలేదు. నువ్వు ఫలానా తప్పు చేశావు కనుక వెళ్ళిపోతున్నానని అనలేదు. కనబడకపోవడాన్ని కూడా తన వైపుకు లాగుకొనే సాధనంగానే వాడుకుంది. నారదుడు శేషజీవితం ఆ కోరికతోనే, ఆ నామం చెప్పుకుంటూనే గడిపాడు.

ఈ అనుభవం ఒక్క సంప్రదాయానిదే కాదు. బైబిలులోని నూట యాభై కీర్తనలలో ఎనభై ఎనిమిదవది మొదటి నుంచి చివరి వరకూ మొరగానే సాగి, చీకటి అన్న మాట దగ్గరే ముగుస్తుంది. ఓదార్పు వాక్యం ఒక్కటీ చేర్చకుండానే దాన్ని ప్రార్థనగా ఆమోదించి వేల ఏళ్ళుగా చదువుకుంటున్నారు. ఖుర్‌ఆన్‌లోని తొంభై మూడవ సూరా, అంటే అధ్యాయం, ప్రవక్తకు దైవవాణి కొంతకాలం ఆగిపోయి ఆయన కలత చెందిన సమయంలో అవతరించినదని వ్యాఖ్యాతలు చెబుతారు. నీ ప్రభువు నిన్ను విడిచిపెట్టలేదన్నది అందులోని మూడవ వాక్యపు సారం. మదర్ థెరీసా మరణించిన పదేళ్ళకు, 2007లో, ఆమె ఉత్తరాలు పుస్తకంగా వచ్చినప్పుడు, దాదాపు యాభై ఏళ్ళ పాటు ఆమెకు దేవుని సాన్నిధ్యం తెలియలేదన్న విషయం బయటపడి ఎందరినో నివ్వెరపరచింది. ఆ యాభై ఏళ్ళూ ఆమె తెల్లవారుజామున లేచి ప్రార్థనకు కూర్చుంటూనే ఉంది. వీరందరూ తప్పు చేసినందుకే దేవుడు దూరమయ్యాడని చెప్పగల ధైర్యం నాకైతే లేదు.

మీ విషయంలో నాకు ఒక ఆశ కనిపిస్తోంది. పదహారవ శతాబ్దంలో స్పెయిన్‌లో జీవించిన క్రైస్తవ సాధువు జాన్ ఆఫ్ ది క్రాస్, ఈ ఎండిపోయిన స్థితినీ, వట్టి నిర్లక్ష్యాన్నీ వేరు చేయడానికి కొన్ని గుర్తులు చెప్పాడు. వాటిలో ఒకటి, ఆ మనిషి దాని గురించి బాధపడుతూ ఉండటం. నిర్లక్ష్యంలో ఉన్నవాడికి దేవుడు దూరమయ్యాడన్న చింతే ఉండదు. నారద భక్తి సూత్రాలు కూడా భక్తికి లక్షణం చెబుతూ, సమస్త కర్మలనూ ఆయనకు అర్పించడం ఒకటైతే, ఆయనను మరచినప్పుడు పరమ వ్యాకులత కలగడం మరొకటి అంటాయి. వ్యాకులతను భక్తి లోపించినదానికి గుర్తుగా చెప్పలేదు, భక్తికే లక్షణంగా చెప్పాయి. మీరు ముక్కూ మొహం తెలియని వారి ముందు ఇంత వివరంగా రాసి అడిగారంటే, ఆ వ్యాకులత మీలో బతికే ఉంది.

అయితే ప్రతి దూరమూ ఒకే రకం కాదు. ఇక్కడ నేను కాస్త ఆగి చెప్పవలసినవి ఉన్నాయి.

మొదట శరీరాన్నీ, మనసు ఆరోగ్యాన్నీ చూసుకోండి. పతంజలి యోగసూత్రాలలో సాధనకు తొమ్మిది అంతరాయాలు చెప్పాడు. ఆ వరుసలో మొట్టమొదటిది వ్యాధి. రెండవది స్త్యానం, అంటే మనసు మొద్దుబారి పనికి లేవలేకపోవడం. సంశయం, భ్రాంతి వంటివి వాటి తరువాతే వచ్చాయి. మనం మాత్రం తిరగేసి, నిద్ర లేక, ఆకలి లేక ఉన్న మనిషిని కూడా నీ భక్తిలో లోపమేదో ఉంది చూసుకో అంటాం. నేను అదే పొరపాటు చేశాను. మా సత్సంగానికి వచ్చే ఒక యువకుడు, ధ్యానంలో ఏమీ తెలియడం లేదు, అంతా శూన్యంగా ఉందని చెబితే, సంఖ్య పెంచు, వేకువనే లేచి రెండు గంటలు కూర్చో అని సలహా ఇచ్చాను. అతడు నా మాట మీద గౌరవంతో అలాగే చేశాడు. ఉన్న కాస్త నిద్రా పోయింది. మూడు వారాల తరువాత చూస్తే మనిషి సగమయ్యాడు. అప్పుడు గాని నేను అడగవలసిన ప్రశ్నలు అడగలేదు: నిద్ర పడుతోందా, తింటున్నావా, ఇంతకు ముందు ఇష్టమైన పనుల్లో ఏదైనా ఇప్పుడు సంతోషం ఇస్తోందా? ఏదీ లేదన్నాడు. అతడికి ఉన్నది కుంగుబాటు. వైద్యుడి దగ్గరకు నేనే వెంట వెళ్ళాను. చికిత్స మొదలైన కొన్ని నెలలకు, తనంతట తానే, మళ్ళీ ఐదు నిమిషాలు కూర్చోగలుగుతున్నానని చెప్పాడు. ఆ మూడు వారాలు అతడిపై నేను మోపిన భారం తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కనుక మిమ్మల్ని కూడా అడుగుతున్నాను. ప్రార్థనలో మాత్రమే రుచి పోయిందా, లేక అన్నిటిలోనూ పోయిందా? రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండటం, దేనిపైనా ఆసక్తి లేకపోవడం, నిద్రా ఆకలీ దెబ్బతినడం ఉంటే వైద్యుణ్ణి కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే ఈ రోజే దగ్గరివారితో చెప్పండి, ఈ రోజే వైద్యసహాయం తీసుకోండి. వైద్యం చేయించుకోవడం విశ్వాసలోపం కాదు. సాధన కూడా ఈ శరీరంతో, ఈ మెదడుతో చేయవలసిందే కదా.

రెండవది, ఎవరితోనైనా తెగిపోయిన సంబంధం. ఇది మీకు వర్తించకపోవచ్చు గాని చాలామందికి వర్తిస్తుంది. ఒకావిడ ఆరేళ్ళుగా ధ్యానంలో అడుగు ముందుకు పడటం లేదని బాధపడేవారు. మాటల మధ్యలో తోడబుట్టిన అక్కతో ఆరేళ్ళుగా మాటలు లేవని తెలిసింది. ఆ రెండు ఆరేళ్ళనూ ఆమె ఎప్పుడూ కలిపి చూసుకోలేదు. వెంటనే వెళ్ళి కాళ్ళ మీద పడమని నేను చెప్పలేదు. జరిగిన అన్యాయం నిజంగా జరిగిందే. రోజూ ప్రార్థన చివర అక్క పేరు ఒకసారి పలకండి, మరేమీ కోరనక్కరలేదు అని మాత్రం చెప్పాను. మొదటి వారంలో ఆ పేరు గొంతు దాటి రాలేదట.

మూడవది, దేవుడి మీద కోపం. ఆత్మీయులు పోయినవారిలో నేను దీన్ని ఎక్కువగా చూశాను, అందుకే మీ ప్రశ్న చదవగానే నాకు తట్టింది ఇదే. భక్తి గల ఇళ్ళలో పెరిగినవారు కోపాన్ని ఒప్పుకోరు. ఆయన ఇష్టం, మనమెంత, అని పైకి అంటారు. లోపల ఒక ప్రశ్న రగులుతూ ఉంటుంది: ఇంత ప్రార్థించాను గదా, నాన్నను ఎందుకు ఉంచలేదు? అడగకూడదనుకున్న ఆ ప్రశ్నను దాచిపెట్టడానికి మనసు దేవుడి ముందు మౌనం పాటిస్తుంది. ఎదుటివాడి మీద కోపం ఉండి, ఏమీ లేనట్టు క్షేమసమాచారాలు మాట్లాడితే ఎలా ఉంటుందో జపం అలా అవుతుంది. నారద భక్తి సూత్రాలలోనే, కామక్రోధాభిమానాలను కూడా ఆయనపైనే చూపాలన్న మాట ఉంది. కోపం వస్తే బయట పడేసి రమ్మనలేదు, దేవుడి దగ్గరకే తీసుకురమ్మంది. భార్యను కోల్పోయిన ఒక పెద్దాయనకు నేను ఈ సూత్రం చదివి వినిపిస్తే, ఆయన లేచి పక్కగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. అరగంట పాటు ఆయన గొంతు బయటికి వినిపిస్తూనే ఉంది. తిరిగి వచ్చి మంచినీళ్ళు అడిగారు. నలభై రోజుల్లో మొదటిసారి దేవుడితో మాట్లాడానన్నారు.

మీ విషయంలో నాకు తోచిన మరొక మాట ఉంది. జాగ్రత్తగా చెబుతున్నాను, సరిపోకపోతే వదిలేయండి. మీకు ప్రార్థన నేర్పింది నాన్నగారు. బహుశా ఆ పదాలన్నీ మీ చెవిలో ఆయన గొంతుతోనే నిలిచి ఉంటాయి. ఎక్కడ ఆపాలో, ఎక్కడ సాగదీయాలో ఆయన నేర్పిన తీరే మీకు వచ్చి ఉంటుంది. ఇప్పుడు కూర్చున్న ప్రతిసారీ ఆ పదాలు ముందుగా ఆయన లేరన్న సంగతిని గుర్తుచేస్తాయి. అప్పుడు మనసు తనను తాను కాపాడుకోవడానికి ఆ పదాలకే మొద్దుబారిపోతుంది. అవతల ఎవరూ లేరనిపిస్తోందని మీరు రాశారు. అవతల లేనట్టు తోస్తున్నది దేవుడా, నాన్నగారా? రెండూ కలిసిపోయి ఉండవచ్చు. అదే నిజమైతే, మీరు ముందు చేయవలసింది దేవుణ్ణి వెతకడం కాదు, నాన్నగారి కోసం ఏడవడం. ఆ ఏడుపును దేవుడి ముందు కూర్చొని ఏడిస్తే అదే ప్రార్థన. కొంతకాలం నాన్నగారు నేర్పిన ప్రార్థనను పక్కన పెట్టి, మీ సొంత మాటలతో మాట్లాడినా ఆయనకు అపచారం చేసినట్టు కాదు. దాని దగ్గరకు మీరు మళ్ళీ వస్తారు.

ఇక ఆచరణ. అంతరాయాలన్నీ చెప్పిన పతంజలి వాటిని తొలగించడానికి ఒక ఉపాయం ఇచ్చాడు: ఏకతత్త్వాభ్యాసం, అంటే ఒకే విషయాన్ని పట్టుకొని అభ్యసించడం. దూరమైనట్టు అనిపించినప్పుడు మనం చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఒక వారం ఒక స్తోత్రం, మరో వారం ఇంకో ధ్యానపద్ధతి, ఆపైన మరొకరి ప్రవచనాలు, ఇలా పది చోట్ల తవ్వుతాం, ఎక్కడా నీరు పడేదాకా ఆగం. అలా కాకుండా, మీకు ఉన్నవాటిలో చిన్నదాన్ని ఎంచుకోండి. ఒక నామం చాలు. శ్వాస లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి చెప్పుకోండి. మనసులో చెప్పుకుంటే జారిపోతోందనిపిస్తే పైకి పలకండి, చెవికి పని ఇవ్వండి. నాకు ఆ పదకొండు నెలలూ గట్టిగా పలకడమే సాయపడింది.

వేళ మార్చకండి. బాగా అలసిన రాత్రివేళ కాకుండా, మీకు కాస్త మెలకువ ఉండే సమయం చూసుకోండి. పది నిమిషాలు అనుకుంటే పది నిమిషాలకే లేవండి. బాగుందని అరగంటకు పెంచితే, మరుసటి రోజు ఆ అరగంట కొండలా కనిపిస్తుంది. కూర్చోగానే మొదటి నిమిషం నిజం చెప్పడానికి, తరువాత నామానికి, చివరి నిమిషం ఏమీ చేయకుండా ఊరికే ఉండటానికి. ఒక రోజు తప్పితే దానికి ప్రాయశ్చిత్తంగా మరుసటి రోజు రెట్టింపు చేయకండి, మామూలుగా వచ్చి కూర్చోండి. దీర్ఘకాలం, ఎడతెగకుండా, ఆదరంతో చేసిన అభ్యాసమే స్థిరపడుతుందని పతంజలి అన్నాడు. ఈ మూడింటిలో మనం మొదటి రెండింటినీ పట్టుకొని ఆదరాన్ని మరచిపోతాం. మనల్ని మనం తిట్టుకుంటూ చేసే సాధనలో ఆదరం ఉండదు.

దీనికి తోడుగా, రోజుకు ఒక్క పని, ఎవరికైనా ఉపయోగపడేది, ఎవరికీ చెప్పకుండా చేయండి. లోపలి దారి మూసుకుపోయినట్టున్నప్పుడు ఈ బయటి దారి చాలామందికి తెరిచే ఉండటం చూశాను. ఇందులో భావం ఉందా లేదా అన్న పరీక్షే అవసరం లేదు. ఒకరి బరువు తగ్గింది, అది చాలు.

ఈ స్థితిలో పెద్ద నిర్ణయాలు తీసుకోవద్దు. పదహారవ శతాబ్దానికే చెందిన మరో క్రైస్తవ సాధువు ఇగ్నేషియస్ లయోలా, మనసు ఎండిపోయిన కాలంలో అంతకు ముందు చేసుకున్న నిశ్చయాలను మార్చవద్దని సాధకులకు ఒక నియమంగా చెప్పాడు. నా అనుభవంలో ఇది అక్షరాలా నిజం. ఈ కాలంలోనే గురువును మారుస్తారు, మంత్రాన్ని మారుస్తారు, లేదా దేవుడే లేడని తేల్చేస్తారు. ఆ నిర్ణయాలు సరైనవే కావచ్చు, కాని వాటిని తీసుకోవలసిన వేళ ఇది కాదు. అలాగే డబ్బు తీసుకొని, ఫలానా క్రతువుతో మీ దోషం పోగొడతాం, దేవుణ్ణి దగ్గర చేస్తామని చెప్పేవారి మాట ఈ సమయంలో అసలు వినకండి. దుఃఖంలో ఉన్నవారికి ఆ మాట చాలా తీయగా వినిపిస్తుంది. ఆ తీపి కోసం ఉన్నదంతా పోగొట్టుకొని, దోషం ఇంకా మిగిలే ఉందట అంటూ నా దగ్గరకు వచ్చినవారు ఉన్నారు.

ఎంతకాలం పడుతుందని మీరు అడగలేదు గాని, అడగాలని ఉండే ఉంటుంది. నాకు పదకొండు నెలలు పట్టింది. కొందరికి కొన్ని వారాలు. కొందరికి ఏళ్ళు. తిరిగి వచ్చేటప్పుడు అది పాత రూపంలో రాదు. నాకు మొదట్లో జపంలో ఒక పులకింత కలిగేది. అది ఆ తరువాత ఎప్పుడూ తిరిగి రాలేదు. దాని కోసం చాలాకాలం ఎదురుచూశాను. దాని బదులు వచ్చినది చాలా నెమ్మదైనది, ఎంత నెమ్మదైనదంటే వచ్చిన సంగతే కొన్నాళ్ళ వరకు గమనించలేదు. ఒక రోజు ఇరవై ఏడవ పూస దగ్గరకు వచ్చి, లేవాలనిపించక, మరొక నామం చెప్పాను. అంతే జరిగింది.

చివరిగా, ప్రత్యేకమైన రోజు చూసుకొని మొదలుపెట్టాలా అన్న మీ మూడవ ప్రశ్న. అక్కరలేదు. ఆ రోజు వచ్చేదాకా వాయిదా వేయడానికి అదొక సాకు అవుతుంది, పెద్ద ఎత్తున మొదలుపెట్టినది వారం తిరగకముందే బరువవుతుంది. ఈ రోజే కూర్చోండి, పది నిమిషాలు. ఏం మాట్లాడాలో తెలియకపోతే, ఇక్కడ మాకు రాసిన ఆ వాక్యాన్నే మొదటి మాటగా చెప్పండి: పెదవులు కదులుతున్నాయి గాని, అవతల ఎవరో వింటున్నారన్న నమ్మకం కలగడం లేదు. మాకు చెప్పినంత నిజంగా ఆయనకు చెప్పండి. ఒక నెల తరువాత ఎలా ఉందో వీలైతే రాయండి, నేను ఎదురుచూస్తూ ఉంటాను.